ఐదు జాతులకు అమ్మ

ఆమె ఇల్లు దారి పక్కనే. అది సంతకి పోయే దారి కాదు, యుద్ధానికి పోయే దారి. తూర్పువాళ్ళు పడమటివాళ్ళ ఊళ్ళు తగలబెట్టడానికి పోతూ ఆ ఇంటి ముందు ఆగేవారు. కొన్నాళ్ళకి పడమటివాళ్ళు పగ తీర్చుకోడానికి బయల్దేరి, వాళ్ళూ అక్కడే ఆగేవారు. ఎవరొచ్చినా ఆమె కాదనేది కాదు. ఆకలితో ఉన్నవాళ్ళకి ఇంత వండి పెట్టేది. అలసిపోయినవాళ్ళకి పడక చూపించేది. ఆమె నియమం ఒక్కటే. ఆయుధాలు గుమ్మం బయట దించి రావాలి. ఇంట్లో ఉన్నంతసేపూ ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. తిని బయటికెళ్ళాక ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటారా, అది వాళ్ళిష్టం.

ఆమె జిగోన్సాసె. అమెరికాలో ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రం ఉన్న చోట ఐదు జాతులు కలిసి కట్టుకున్న కూటమికి ఆమెని తల్లి అంటారు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా... ఇవీ ఆ జాతులు. పుస్తకాల్లో వీళ్ళని ఇరక్వాయ్ అని రాస్తారు గానీ అది బయటివాళ్ళు పెట్టిన పేరు. తమని తాము వాళ్ళు హోడెనోషోనీ అనుకుంటారు. అంటే పొడుగు ఇంటివాళ్ళని.

రెడ్ ఇండియన్లు అనగానే మనకి సినిమాల్లో చూసిన గుర్రాలూ, గుడారాలూ, నెత్తి నిండా ఈకలూ గుర్తొస్తాయి. ఆ బొమ్మని కాసేపు పక్కన పెట్టండి. వీళ్ళు వ్యవసాయం చేసుకునేవాళ్ళు. ఊళ్ళు కట్టుకుని ఉండేవాళ్ళు. ఎల్మ్ చెట్టు బెరడుతో కప్పిన ఇల్లు, 20 అడుగుల వెడల్పు, వంద అడుగులకి పైగా పొడుగు. మధ్యలో వరసగా పొయ్యిలు, ఒక్కో పొయ్యికి అటో కుటుంబం, ఇటో కుటుంబం. ఇంట్లో అందరినీ కలిపే చుట్టరికం ఆడవాళ్ళ వైపు నుంచే. ఆడపిల్ల పెళ్ళయినా పుట్టిన ఇంట్లోనే ఉంటుంది, మగపిల్లవాడు భార్య ఇంటికి వెళతాడు. మన దగ్గర ఇల్లరికపు అల్లుడంటే నలుగురూ ఓ చూపు చూస్తారు కదూ. అక్కడ అందరూ ఇల్లరికపు అల్లుళ్ళే. కాపురం కుదరకపోతే అతని సామాను గుమ్మం బయట పెట్టేస్తే సరిపోయేది. పిల్లలు తల్లి గోత్రం. తోడేలు, ఎలుగుబంటి, తాబేలు ఇలా ఉంటాయి ఆ గోత్రాల పేర్లు. మనకిలాగే సగోత్రీకులు పెళ్ళి చేసుకోకూడదు. పొలం ఆడవాళ్ళది, పంట ఆడవాళ్ళది. మొక్కజొన్న కాండం మీదికి చిక్కుడు తీగ పాకుతుంది, గుమ్మడి పాదు నేలంతా కమ్ముకుని కలుపు రానివ్వదు. ఈ మూడింటినీ వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటారు.

జిగోన్సాసె ఎప్పుడు బతికిందన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. కథలో వచ్చే సూర్యగ్రహణాన్ని లెక్కగట్టి 1142 అన్నవాళ్ళున్నారు. కాదు, 1450కీ 1600కీ మధ్య అన్నవాళ్ళు ఎక్కువ. ఇల్లు నయాగరా నది దగ్గరని కొందరు, సెనెకాల గనొండగన్ ఊరి దగ్గరని కొందరు చెబుతారు. కాగితం మీద రాసిపెట్టిన చరిత్ర కాదిది. ఆల్చిప్పల్నీ శంఖుల్నీ అరగదీసి చేసిన ఊదారంగు, తెల్లరంగు పూసల్ని పట్టీలుగా అల్లి, ఆ పట్టీలు చేతిలో పట్టుకుని పెద్దవాళ్ళు రోజుల తరబడి చెప్పుకుంటూ వచ్చిన చరిత్ర. ఆ పూసల్ని వాంపమ్ అంటారు. చెప్పే ఊరిని బట్టి కథ కొంచెం కొంచెం మారుతుంది. ఆమె మాత్రం ఎక్కడా మారదు.

గుమ్మంలోకి వచ్చిన అతిథి

అప్పట్లో ఆ ఐదు జాతుల మధ్య పగకి అంతులేదు. ఇంట్లో ఒకడు చచ్చిపోతే, చంపినవాళ్ళలో ఒకడి ప్రాణం తియ్యాలి. మళ్ళీ అటునుంచి వాళ్ళు రావాలి. అసలు గొడవ ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండేది కాదు.

అలాంటి రోజుల్లో ఒంటారియో సరస్సుకి ఉత్తరాన హ్యూరాన్ల ఊళ్ళో పుట్టిన ఒకాయన తెల్లరాతి పడవలో సరస్సు దాటి వచ్చాడు. ఆయనకో పేరుంది గానీ, వేడుకలప్పుడు తప్ప ఆ పేరు పలకడం వాళ్ళకి సమ్మతం కాదు. మనకీ పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు కదా. శాంతిదూత అనుకుందాం. ఆయనకి నోరు సరిగ్గా తిరిగేది కాదంటారు. లోకానికి ఇంత పెద్ద మాట చెప్పడానికి బయల్దేరినవాడికి మాటే తడబడటం నాకు విచిత్రంగానూ అనిపిస్తుంది, నమ్మబుద్ధీ వేస్తుంది.

యుద్ధ వీరుల దారిలో వస్తూ ఆయన కూడా ఆమె గుమ్మంలోకి వచ్చాడు. అలవాటు ప్రకారం ఆమె అన్నం పెట్టింది. తినడం అయ్యాక ఏం పని మీద వచ్చాడో అడిగింది. మనుషులు ఒకరినొకరు చంపుకోడం ఆపాలి, అది చెప్పడానికి వచ్చానన్నాడు. మాట బాగుంది, ఆచరణలో అది ఎలా ఉంటుందని అడిగింది ఆమె. మంచి మాటలు చెప్పేవాళ్ళని ఆ గుమ్మం చాలామందినే చూసి ఉంటుంది మరి. ఆయన పొడుగు ఇంటిని ఉదాహరణగా చూపించాడు. ఒక కప్పు కింద ఎన్నో పొయ్యిలున్నాయి. ఎవరి పొయ్యి వాళ్ళదే, అయినా ఇల్లు ఒకటే, ఇంటికి పెద్దగా ఒక తల్లి. ఐదు జాతులూ అలా ఒక ఇల్లు కావాలన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాట దగ్గర కథ మలుపు తిరుగుతుంది. యుద్ధానికి పోయేవాళ్ళకి ఆమె అన్నం పెట్టడం మానాలన్నాడు.

ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. ఆమె ఎవరినీ చంపలేదు. ఏ పక్షం వైపూ లేదు. ఆకలితో వచ్చినవాడికి పెట్టడం కన్నా పెద్ద ధర్మం ఏముంటుంది? మన అమ్మమ్మల్ని అడిగినా అదే చెబుతారు. కానీ ఆమె పెట్టిన అన్నం తినే వాళ్ళు మర్నాడు అవతలి ఊరి గుడిసెలకి నిప్పు పెడుతున్నారు. ఆ ఊరివాళ్ళు కూడా ఆమె పొయ్యి దగ్గర కూర్చుని తిన్నవాళ్ళే. రెండు వైపులా బలం వస్తున్నది ఆమె చేతిలోంచి. ఏ పక్షమూ కాకుండా ఉంటున్నాననుకుంటూ, యుద్ధాన్నే ఆమె పోషిస్తోంది. ఆ సంగతి బయటివాడు వచ్చి చెప్పేదాకా ఆమెకి తట్టలేదో, తట్టినా ఏం చెయ్యాలో తోచలేదో.

పైగా ఆ ఇల్లు ఆమె పరువు, ఆమె పరపతి. చుట్టుపక్కల జాతులన్నిటిలోనూ చిన్నా పెద్దా ఆమె మాటకి విలువిచ్చేది ఆ ఆతిథ్యం వల్లే. ఆ గుమ్మం వేసేస్తే మిగిలేదేమిటి?

ఆమె సరేనంది. ఐదు జాతుల్లోనూ శాంతి మాటని మొట్టమొదట అందుకున్నది ఆమే. ఏ వీరుడూ కాదు, ఏ నాయకుడూ కాదు. అప్పుడే శాంతిదూత ఆమెకి జిగోన్సాసె అన్న పేరు పెట్టాడంటారు. కొత్త ముఖం అని కొందరు దానికి అర్థం చెబుతారు. అంతకుముందు ఆమెని ఏమని పిలిచేవారో కథ చెప్పదు. ఈ పేరుతోనే ఆమె పుట్టిందన్నట్టు వదిలేస్తుంది. మొదట ఒప్పుకున్నది ఆడది కాబట్టి, రాబోయే కూటమిలో నాయకుల్ని నిలబెట్టే హక్కు ఆడవాళ్ళదే అవుతుందని శాంతిదూత అక్కడికక్కడే మాటిచ్చాడు.

పాములు దువ్విన దువ్వెన

తర్వాత కథలోకి హయవాత వస్తాడు. లాంగ్‌ఫెలో అనే అమెరికన్ కవి 1855లో ఈ పేరుతో ఓ పెద్ద కావ్యం రాశాడు. తీరా చూస్తే అందులో ఉన్నది వేరే జాతి వీరుడి కథ, పేరు మాత్రం ఇతనిది. అసలు హయవాత కూతుళ్ళని ఒకరి వెనక ఒకరిని పోగొట్టుకున్న తండ్రి. ఒనొండాగాల నాయకుడు తడొడాహో మంత్రశక్తితో వాళ్ళని చంపాడని చెప్పుకుంటారు. హయవాత పిచ్చివాడిలా అడవుల్లో తిరిగాడు. పూసలు ఏరి దండలు గుచ్చేవాడు. నాలాగే ఎవరైనా దుఃఖంలో ఉంటే ఈ పూసలు పట్టుకెళ్ళి ఓదారుస్తాను కదా, నా దగ్గరికి ఎవరూ రారేమని తనలో తనే అనుకునేవాడు. శాంతిదూత వచ్చి ఆ పూసల్నే అందుకుని, ఒక్కో దండ పట్టుకుని ఓదార్చాడు. కళ్ళకి అడ్డంపడ్డ కన్నీరు తుడిచాడు, చెవులకి పట్టిన మూత తీశాడు, గొంతులో అడ్డుపడ్డ దుఃఖం తొలగించాడు. అప్పటినుంచీ ఎవరైనా నాయకుడు పోతే ముందు పరామర్శ, ఆ తర్వాతే రాజకీయం అన్నది వాళ్ళ పద్ధతి. పగ పుట్టేది దుఃఖంలోంచే కాబట్టి ముందు దుఃఖాన్ని చూడాలని వాళ్ళ లెక్క.

హయవాతకి మాట ఉంది, శాంతిదూతకి ఆలోచన ఉంది. ఇద్దరూ కలిసి జాతి జాతికీ తిరిగారు. మోహాక్‌లు ముందు ఒప్పుకున్నారు. మిగిలినవాళ్ళు ఒకరొకరుగా వచ్చారు. చివరికి మిగిలింది తడొడాహో ఒక్కడే. వంకరలు తిరిగిన శరీరం, జుట్టు నిండా పాములు. ఒనొండాగా సరస్సు ఒడ్డున అందరూ అతని ముందు చేరారు. ఆ గుంపులో జిగోన్సాసె కూడా ఉంది. శాంతిదూత ఆమెని జాతులన్నిటికీ తల్లి అని అతనికి చూపించాడంటారు.

అతన్ని చంపెయ్యడానికి మనుషులు చాలినంతమంది ఉన్నారక్కడ. కానీ అతన్ని చంపలేదు. అతనికి అందరికన్నా పెద్ద పీట వేశారు. కూటమి పొయ్యి ఒనొండాగాలోనే వెలుగుతుంది, దానికి కాపలాదారు నువ్వే అన్నారు. ఈ ఉపాయం జిగోన్సాసెదే అని చెప్పే కథనాలు కూడా ఉన్నాయి. నాకైతే నమ్మకంగానే ఉంది. పెళ్ళిలో అలిగి కూర్చున్న పెద్దాయన్ని తీసుకొచ్చి పెళ్ళిపెద్దగా కూర్చోబెట్టడం ఆడవాళ్ళకి తెలిసిన విద్యే కదా. తడొడాహో మెత్తబడ్డాడు. హయవాత అతని జుట్టులోంచి పాముల్ని దువ్వి తీసేశాడు. హయవాత పేరుకి దువ్వేవాడు అని ఓ అర్థం చెబుతారు.

ఒక తెల్ల పైన్ చెట్టు నాటారు. దాని సూదుల్లాంటి ఆకులు ఐదేసి గుత్తులుగా ఉంటాయి, ఐదు జాతుల్లాగే. చెట్టు కింద గొయ్యి తీసి ఆయుధాలు పూడ్చారు. దూరం నుంచి ప్రమాదం వస్తే చెప్పడానికి కొమ్మ చివర గద్దని కూర్చోబెట్టారు. జిగోన్సాసె గుమ్మం బయట దించమన్న ఆయుధాలు చివరికి భూమిలోకి పోయాయన్నమాట.

కొమ్ములు పెట్టేదీ, తీసేదీ

కూటమి సభలో మొత్తం 50 పీటలు. ఒనొండాగాలకి 14, కయూగాలకి 10, మోహాక్‌లకి 9, ఒనైడాలకి 9, సెనెకాలకి 8. లెక్క సమానంగా లేదే అనిపిస్తుంది. కానీ అక్కడ చేతులెత్తి లెక్కపెట్టడం లేదు కాబట్టి ఎవరి పీటలు ఎక్కువన్నది సమస్య కాదు. మాట ముందు మోహాక్‌లు, సెనెకాల మధ్య నలుగుతుంది. వాళ్ళు అన్నలు. వాళ్ళు తేల్చింది పొయ్యికి అవతల ఉన్న తమ్ముళ్ళకి, అంటే ఒనైడా, కయూగాలకి వెళుతుంది. ఇద్దరూ కలిస్తే ఒనొండాగాలు ఖాయం చేస్తారు. కలవకపోతే మళ్ళీ మొదటికి. అందరూ సరే అనేదాకా అది నిర్ణయం కాదు. నాయకుడి చర్మం ఏడు జానల మందం ఉండాలన్నది వాళ్ళ నియమం. నిందలూ, కోపాలూ లోపలికి దిగకూడదన్నమాట. మన నాయకుల చర్మం మందమే గానీ, అది వేరే సంగతి.

ఆ 50 మందీ ఎక్కడినుంచి వస్తారు? జిగోన్సాసెకి ఇచ్చిన మాట నిలబడింది ఇక్కడే. ఒక్కో పీట ఒక్కో వంశానిది. ఆ వంశపు ఆడవాళ్ళలో పెద్దామె ఒకరుంటారు, మనం పెద్దమ్మ అనుకుందాం. పీట ఖాళీ అయినప్పుడు ఆమె తన వంశపు ఆడవాళ్ళతో మాట్లాడి ఓ పేరు పైకి తెస్తుంది. ఆ మనిషిని ఆమె పసితనం నుంచీ చూసింది. అన్నం దగ్గర తమ్ముడికి పెట్టాడా, తనే తిన్నాడా, కోపం వస్తే ఏం చేశాడు, మాటిచ్చి తప్పాడా... ఇవన్నీ ఆమెకి తెలుసు. హత్య చేసినవాడు పనికిరాడు. సభ ఒప్పుకున్నాక అతని తలకి జింక కొమ్ముల కిరీటం పెడతారు. మొదటిసారి ఆ కొమ్ములు పెట్టింది జిగోన్సాసె చేతులే అంటారు.

పెట్టడమే కాదు, తియ్యడం కూడా పెద్దమ్మ చేతిలోనే ఉంది. నాయకుడు దారి తప్పితే ఆమె వెళ్ళి హెచ్చరిస్తుంది. వినకపోతే రెండోసారి. మూడోసారి యుద్ధ నాయకుణ్ణి వెంటబెట్టుకు వెళుతుంది. అప్పటికీ మారకపోతే కొమ్ములు తీసేస్తారు. ఐదేళ్ళు ఆగక్కర్లేదు, కోర్టుకి ఎక్కక్కర్లేదు.

ఇక యుద్ధం మాట. వీరులు బయల్దేరాలంటే దారిలో తినడానికి వేయించిన మొక్కజొన్న పిండి కావాలి, కాళ్ళకి తోలు జోళ్ళు కావాలి. రెండూ ఆడవాళ్ళు చెయ్యాల్సినవే. ఇష్టం లేని యుద్ధానికి వాళ్ళు ఆ రెండూ ఇవ్వడం మానేసేవారు. జిగోన్సాసె ఒక ఇంటి గుమ్మంలో నేర్చుకున్నది కూటమి మొత్తానికీ హక్కయింది.

అలాగని అంతా సత్యకాలం అనుకోకండి. కూటమి లోపల శాంతి నిలిచింది గానీ బయటివాళ్ళతో యుద్ధాలు ఆగలేదు. బొచ్చు వ్యాపారం, తుపాకులూ వచ్చాక 1649లో వీళ్ళు హ్యూరాన్ల దేశాన్నే చెదరగొట్టేశారు. శాంతిదూత పుట్టింది ఆ హ్యూరాన్లలోనే. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఆ లోటు తీర్చుకోడానికి బందీల్ని పట్టుకురమ్మని వీరుల్ని పంపిన సందర్భాలూ ఉన్నాయి. తెచ్చిన బందీని పెంచుకోవాలా, చంపాలా అన్నది కూడా ఆడవాళ్ళే తేల్చేవారు. అధికారం చేతిలో ఉంటే అందులో ఇదీ ఉంటుంది.

పేరు మోసిన చివరి మనిషి

జిగోన్సాసె పోయాక ఆమె పేరు ఒక పదవి అయింది. ఒకరి తర్వాత ఒకరు ఆ పేరు మోస్తూ వచ్చారు. 1687లో ఫ్రెంచి సైన్యం వచ్చి గనొండగన్‌ని, నిల్వ ఉన్న మొక్కజొన్నతో సహా కాల్చేసింది. 1722లో దక్షిణం నుంచి వచ్చిన టస్కరోరాలు చేరి కూటమి ఆరు జాతులైంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఎవరి పక్షం చేరాలో తేల్చుకోలేక అన్నదమ్ములు విడిపోయారు. 1779లో వాషింగ్టన్ పంపిన సేన 40కి పైగా ఊళ్ళని బుగ్గి చేసింది. కొందరు కెనడాలో గ్రాండ్ నది ఒడ్డుకి పోయారు, కొందరు న్యూయార్క్‌లోనే చిన్న చిన్న ముక్కల్లో మిగిలారు.

అలా మిగిలిన టొనవాండా అనే చోట సెనెకాల ఇంట్లో పుట్టింది కారొలైన్ పార్కర్. సెనెకా పేరు గహనో. ఆ రోజుల్లోనే ఆల్బనీ వెళ్ళి చదువుకుంది, టీచరుగా పనిచేసింది, పూసల పనిలో ఆమెకి ఆమే సాటి. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసినప్పుడు లొంగుబాటు షరతుల కాగితం తన చేత్తో రాసిన ఈలై పార్కర్ ఆమె సోదరుడు. జిగోన్సాసె పేరు మోసిన చివరివాళ్ళలో ఆమె ఒకరు. 1892లో పోయింది.

ఈ పార్కర్ల ఇంటికి తరచూ ఓ లాయరు వచ్చేవాడు. రోచెస్టర్ ఊరివాడు, పేరు లూయిస్ హెన్రీ మోర్గన్. ఈలై, కారొలైన్ చెప్పిన సంగతులతో 1851లో ఈ కూటమి గురించి పుస్తకం వేశాడు. తన చేత్తో కుట్టుకున్న బట్టల్లో కారొలైన్ బొమ్మ ఆ పుస్తకంలో ఉంది. మనవైపు కథ ఇక్కడ కలుస్తుంది. సెనెకాలు అమ్మ అక్కచెల్లెళ్ళని కూడా అమ్మా అనే పిలుస్తారని, నాన్న అన్నదమ్ముల్ని నాన్నా అంటారని, మేనమామకీ మేనత్తకీ మాత్రం వేరే మాటలున్నాయని మోర్గన్ గమనించి ఆశ్చర్యపోయాడు. ఇంకెక్కడైనా ఇలా ఉందేమోనని దేశదేశాలకీ ప్రశ్నల పట్టికలు పంపాడు. మన దేశంలోని మిషనరీల నుంచి తమిళం, తెలుగు వరసలు వచ్చాయి. చూస్తే అదే అల్లిక! పెద్దమ్మ, చిన్నమ్మ అమ్మలే. పెదనాన్న, చిన్నాన్న నాన్నలే. వాళ్ళ పిల్లలు మనకి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అత్తకొడుకు, మామకొడుకు మాత్రం బావలు. బావని పెళ్ళి చేసుకోడం సెనెకాల్లో లేదు, తేడా అక్కడుంది. 1871లో వేసిన పెద్ద గ్రంథంలో మోర్గన్ ఈ పోలికంతా పెట్టాడు. దీన్ని బట్టి వాళ్ళు ఆసియా నుంచే వెళ్ళారని తేల్చెయ్యబోయాడు గానీ, ఆ వాదం నిలబడలేదు. వరసల పోలిక మాత్రం నిజం.

అమెరికా రాజ్యాంగం రాసినవాళ్ళు ఈ కూటమి నుంచి ఎంతో కొంత నేర్చుకున్నారని 1988లో అక్కడి పార్లమెంటు తీర్మానం చేసింది. ఎంత నేర్చుకున్నారన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేర్చుకున్నవాళ్ళు పెద్దమ్మల సంగతి మాత్రం వదిలేశారు, అందులో వాదన లేదు. 1848లో సెనెకా ఫాల్స్ అనే ఊళ్ళో ఆడవాళ్ళకి ఓటు కావాలని మొదటి మహాసభ జరిగింది. ఆ ఊరు ఉన్నది ఒకప్పటి కయూగాల నేల మీద. విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ ఏడాదే సెనెకాల్లో ఓ భాగం పాత పద్ధతి మానేసి ఓట్లతో నాయకుల్ని ఎన్నుకునే రాజ్యాంగం రాసుకుంది. ఓటు మగవాళ్ళకే! ఒక్క మెలిక మాత్రం ఉంచారు. భూమి అమ్మాలంటే తల్లుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. అక్కడి ఆడవాళ్ళకి ఓటు వచ్చేసరికి 1964 అయింది.

ఆ మహిళా ఉద్యమంలోని పెద్దల్లో ఒకరు మటిల్డా జాస్లిన్ గేజ్, ఒనొండాగాలకి పొరుగునే ఉండేది. 1893లో బడి కమిషనరు ఎన్నికకి ఓటరుగా పేరు నమోదు చేయించుకున్నందుకు ఆమె మీద కేసు పెట్టారు. అదే ఏడాది మోహాక్‌ల తోడేలు గోత్రం ఆమెని తమ ఆడపడుచుగా కలుపుకుంది. తెల్లవాళ్ళ ఊళ్ళో బడి సంగతి చెప్పే హక్కు లేనామె అక్కడ నాయకుణ్ణి ఎంచే మాటలో పాలు పంచుకోదగిన మనిషైంది.

కెనడాలో ఇంకోలా జరిగింది. 1924లో గ్రాండ్ నది దగ్గర పాత సభని ప్రభుత్వం రద్దు చేసి ఎన్నికల సభ పెట్టింది. పోలీసులు వచ్చి వాంపమ్ పట్టీలు పట్టుకుపోయారు. కొత్త ఎన్నికల్లో ఆడవాళ్ళకి ఓటు లేదు. వందల ఏళ్ళుగా నాయకుల్ని నిలబెట్టిన వాళ్ళకి, ప్రజాస్వామ్యం తెస్తున్నామంటూ వచ్చిన వాళ్ళు 1951 దాకా ఓటివ్వలేదు. పాత సభ మాత్రం చెప్పాపెట్టకుండా పక్కనే కొనసాగింది.

న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియం 1989లో ఒనొండాగాలకి 12 వాంపమ్ పట్టీలు తిరిగి ఇచ్చేసింది. అందులో హయవాత పట్టీ ఉంది. ఊదారంగు నేల మీద తెల్లటి గుర్తులు ఐదు, మధ్యలో చెట్టు, అటు రెండు గళ్ళు, ఇటు రెండు గళ్ళు, అన్నిటినీ కలుపుతూ ఓ తెల్లగీత. ఒనొండాగాలో, టొనవాండాలో ఇప్పటికీ ఓట్ల పెట్టె లేదు. నాయకుడు పోతే కొమ్ములు ఆడవాళ్ళ దగ్గరికే తిరిగొస్తాయి. పరామర్శ అయ్యాక పెద్దమ్మ తన ఇంటి మగపిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ తలుచుకోడం మొదలుపెడుతుంది.